నడవలో కూర్చున్న అత్తగారు

సభాధ్యక్షులు, మా శిక్షణ కేంద్రం పెద్ద జుమాదిల్ గారికి, ముందు వరసలో టీ కప్పుల వెనక సర్దుకుని కూర్చున్న నరిన్ పట్టణ పెద్దలకు, నా తోటి ఉపాధ్యాయులకు, ఇన్నేళ్లూ నా చేత ఇంగ్లీషు వాక్యాలు దిద్దించుకున్న మీ అందరికీ నమస్కారం.

నా తలకు కల్పక్ టోపీ పెట్టారు, భుజాలకు చపాన్ అంగీ కప్పారు, ఈ వీడ్కోలు సభ అయ్యేదాకా అది తీయకూడదన్నారు, పొయ్యి మాత్రం నా వెనకే మండుతోంది. (నవ్వులు) ఇందాక మాట్లాడినవాళ్లలో ఒకరు నన్ను వంతెన అన్నారు, ఇంకొకరు పర్వతం అన్నారు. నేను పాత రోజుల్లో బళ్లో జర్మన్ చెప్పేవాణ్ని. సోవియట్ పోయి దేశం మారాక జర్మన్ అడిగేవాళ్లు లేక ఇంగ్లీషుకు మారాను. పరీక్షకు వెళ్లేవాళ్లకు, చీటీలో ఏ విషయం వచ్చినా రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడటం నేర్పాను. నా ఉద్యోగం అంతే. అందువల్ల ఈ గదిలో ఉన్న చాలామంది జీవితాల్లో రెండేసి నిమిషాలు నాకు తెలుసు, అవీ తప్పుల వ్యాకరణంతో. భయపడకండి, ఎవరివీ చెప్పను. ఒక్కరివే చెబుతాను, వాళ్లను అడిగే వచ్చాను.

మన పశువుల ఆసుపత్రి డాక్టరు కుందుజ్ మీకందరికీ తెలుసు. పెళ్లయి ఆరేళ్లయ్యాక ఆమెకు స్కాట్లాండులో ఏడాది చదువుకు పిలుపు వచ్చింది, ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో తొమ్మిదికి ఆరున్నర తెచ్చుకుంటేనే వెళ్లనిస్తారు. భర్త బంగారు గనిలో లారీ నడుపుతాడు. "మా అమ్మ సరేనంటే నాకేం అడ్డం?" అన్నాడు. వాళ్లమ్మ బూబుసారా గారు సరే అనలేదు, వద్దనీ అనలేదు. "ఆ మాస్టారు ఏం చెబుతాడో నేనూ వచ్చి చూస్తాను" అన్నారు. మర్నాడు కోడలితో పాటు వచ్చి, వెనక బల్ల మీద కూర్చుని మేజోళ్లు అల్లడం మొదలుపెట్టారు. ఇక ఆ తరగతిలో ఎవరూ గట్టిగా నవ్వలేదు, నాతో సహా. (నవ్వులు)

కుందుజ్ గొర్రెల రోగాల గురించి అడిగితే గలగలా చెప్పేది. ఒకరోజు ఆమె తీసిన చీటీలో "మీ జీవితాన్ని మార్చిన ఒక మనిషి గురించి చెప్పండి" అని వచ్చింది. ఆమె ఒకసారి వెనక్కి చూసి, ఇంగ్లీషులో ఇలా చెప్పడం మొదలుపెట్టింది: మా ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది, ఆమె పేరు నేను నోటితో పలకను, మొదటి టీ ఆమెకే పోస్తాను. మా పాపకు జ్వరం వచ్చినప్పుడు నన్ను పడుకోమని రాత్రంతా తనే ఎత్తుకుంది, అందుకు ఆమె అంటే నాకు ప్రాణం. కానీ ఆ పొద్దున పాప కళ్లు తెరిచి ఆమెను "అమ్మా" అంది. నేను విన్నాను, విననట్టు పొయ్యి దగ్గరకు వెళ్లిపోయాను. ఇప్పుడు ఏడాది వెళితే పాప నన్ను మరిచిపోతుంది, వెళ్లకపోతే ఆమెను నేను ద్వేషిస్తాను. ఇలా చెప్పి కూర్చుంది. మూడుసార్లు ఆగింది, రెండు చోట్ల భూతకాలం తప్పింది. నేను అవి కాగితం మీద రాసుకున్నాను.

వెనక సూదుల చప్పుడు ఆగింది.

"మాస్టారూ, నా గురించేగా?"

"తర్జుమా మన పాఠాల్లో లేదండీ," అన్నాను.

"అయితే నువ్వే చెప్పవే. ఏమన్నావ్?"

కుందుజ్ తలదించుకుని మన కిర్గిజ్ భాషలో నాలుగు ముక్కలు చెప్పింది.

"అక్కడ అంతసేపు మాట్లాడి ఇక్కడ ఇంతేనా? మిగతాది కూడా చెప్పు."

చెప్పింది. ద్వేషం మాటతో సహా. తరగతిలో అందరూ పుస్తకాల్లోకి చూస్తున్నారు. బూబుసారా గారు అల్లిక సంచిలో పెట్టుకుని నావైపు తిరిగారు.

"దీనికి ఎంతేస్తారు?"

"ఆరు."

"కావాల్సింది?"

"ఆరున్నర."

"ఆ అర ఎక్కడ పోయింది?"

"మధ్యలో ఆగిందండీ."

"నన్ను చూసి ఆగింది. రేపట్నుంచి నేను బయట కూర్చుంటాను."

అలాగే చేశారు. ఆ శీతకాలమంతా, పొయ్యి లేని ఆ నడవలో, ఉన్ని బూట్లతో కూర్చున్నారు. ఇంటికి వెళ్లాక పిండి పిసుకుతూ కోడలి చేత ఇంగ్లీషు మాట్లాడించేవారట. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కోడలి గొంతు ఆగగానే "ఆగావ్, మళ్లీ మొదలుపెట్టు" అనేవారట. బిష్కెక్‌లో పరీక్షకు వెళితే ఆరున్నర వచ్చింది. ఫలితం చెప్పడానికి వచ్చిన కోడలితో "ఏడు రాలేదేం?" అన్నారు. (నవ్వులు) అవును బూబుసారా గారూ, అన్నారు, తల అడ్డంగా ఊపకండి.

కుందుజ్ తిరిగొచ్చిన రోజు నాకు రావాల్సిన పుస్తకాల మూట కోసం నేనూ వ్యాన్ల అడ్డాలో ఉన్నాను. మంచు పడుతోంది. కుందుజ్ దిగింది. పాప నాయనమ్మ కోటు వెనక దాక్కుని, ఆ కోటునే గట్టిగా పట్టుకుంది. పిలిచినా రాలేదు. కుందుజ్ మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. ఆ పెద్దావిడ కిందికి వంగి, పాప వేళ్లను ఒక్కొక్కటే విడదీసి, "ఆమె మీ అమ్మ. నేను వెళ్లి పులావు దింపుకోవాలి, మాడిపోతుంది" అని చెప్పి, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా వీధి మలుపు దాకా నడిచి వెళ్లిపోయారు. పాప ఏడ్చింది. చాలాసేపే ఏడ్చింది. ఆ తర్వాత చెయ్యి చాపి తల్లి టోపీ మీది మంచు దులిపింది.

ఆ రోజు దిద్దడానికి నాకు ఏ తప్పూ దొరకలేదు. పుస్తకాల మూట మోసుకుని ఇంటికి వెళ్లి, ఎందుకో చాలాసేపు కోటు కూడా విప్పకుండా కూర్చున్నాను.

నన్ను భరించిన జుమాదిల్ గారికి, పిలవగానే వచ్చిన మీకందరికీ కృతజ్ఞతలు. రేపు పొద్దున తొమ్మిదింటికి ఎవరూ నా ముందు నిలబడి మాట్లాడరు. అది అలవాటు చేసుకోవాలి. సెలవిప్పించండి.