మక్స కాదు, సమక్స

కుల్దీగ ఊరి లైబ్రరీలో, ఊలు చేతితొడుగులు అల్లే ముసలామె లైబ్రేరియన్ ముందు ఒక ప్రచురణ సంస్థ నుంచి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరం పెట్టింది.

"మాకొద్దని రాసెయ్యమ్మా. మా అమ్మ అల్లిక వాళ్ల పుస్తకంలో వేసుకుంటారట, పైగా నేనే డబ్బు కట్టాలట!"

"అలా అని ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"నిఘంటువే. ‘ఫీ’ అంటే మన భాషలో మక్స, అంటే మనం కట్టే రుసుము అని ఉంది."

"ఆ ఒక్క మాటే చూశారు. ఇక్కడ ఇచ్చేది వాళ్లు. దీన్ని సమక్స అనాలి, పనికిచ్చే ప్రతిఫలం. మీకు మూడు వందల యూరోలు ఇస్తారట."

"నాకా?"

"మీకే. ఇక్కడ సంతకం పెట్టండి."

ముసలామె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"పెడతాను. పుస్తకంలో మాత్రం మా అమ్మ పేరు వెయ్యమను, జెల్మా అని. ఆ డబ్బుతో ఊలు కొని బళ్లో పిల్లలకి నేర్పుతా. ఈ అల్లిక నాతోనే పోతుందనుకున్నానమ్మా."