వెనక్కి తెచ్చిన సామాను

మంచాలూ ఆక్సిజన్ మిషన్లూ అద్దెకిచ్చే దుకాణం. బల్లకి అవతల దాన్ని నడిపే పెద్దావిడ, అందరికీ పిన్ని. ఇవతల, సామాను నిండిన ఆటోని బయట నిలబెట్టి లోపలికొచ్చిన బట్టలు కుట్టే ఆవిడ.

"...అది కాదమ్మా, పరుపెందుకు తెచ్చావు? పోయినవాళ్ల పరుపు నేను ఏ ఇంటి నుంచీ వెనక్కి తీసుకోను."

"మీదే కదా పిన్నిగారూ. అద్దె సామాను."

"నాదే. అయినా తీసుకోను. అది నా పద్ధతి. ఎవరికైనా ఇచ్చెయ్యి, లేదా పారెయ్యి. ముందిలా కూర్చో. మంచినీళ్లు తాగు."

"తాగాను."

"ఎక్కడ తాగావే? గ్లాసు నా చేతిలోనే ఉంది. మీ ఆయన ఎప్పుడు పోయాడు?"

"మొన్న పొద్దున."

"మొన్నా? మొన్న పోతే ఇవాళ సామాను మోసుకొచ్చావా? నీకెవరూ లేరా, అన్నలో తమ్ముళ్లో?"

"ఆటో అతను ఓ చెయ్యి వేశాడు. వీపుకి ఆనించే పలక కాస్త వదులైంది, చూసుకోండి. ఆ బుడ్డి ఉందే, మిషన్‌లో నీళ్లు పోసేది, అది కడిగి ఆరబెట్టాను. గొట్టం కూడా."

"గొట్టం సంగతి సరేలే. బాగా తేరుకున్నాడన్నావు కదమ్మా! మాస్కు మార్చుకోవడానికి వచ్చినప్పుడు, అన్నం తింటున్నాడు, వీధి చివరిదాకా నడుస్తున్నాడు అని నువ్వే అన్నావు."

"నడిచాడు. ఆ నడకే."

"అయ్యో. నడుస్తూ నడుస్తూనా?"

"ఊఁ. పొద్దున్నే లేచాడు. కాఫీ తాగాడు. గడ్డం గీసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చెయ్యమన్నాడు, చేశాను. పోయాడు."

"నువ్వు చొక్కా ఇస్త్రీ చేస్తుంటేనే..."

"చేశాక. తొడుక్కుని."

"తొడుక్కుని?"

"తొడుక్కుని, చెప్పులేసుకుని."

"ఏమిటీ? ఉండు ఉండు. చెప్పులేసుకుని పోవడమేమిటి? ఎక్కడికి పోయాడు?"

"ఆ పిల్ల దగ్గరికి."

"ఓరి వీడి... అంటే బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. పోయాడా అని మీరడిగారు. పోయాడన్నాను."

"నేను పోయాడా అంటే ఆ పోవడమా! నా కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి కదే! వాడి కోసం! ముందే చెప్పొద్దూ?"

"మీరు అడుగుతుంటే నాకూ అలాగే వినిపించింది పిన్నిగారూ. దిద్దడానికి నోరు రాలేదు."

"పరుపు లోపల పెట్టించు. బతికున్నవాడి పరుపైతే నాకేం పట్టింపు లేదు. ఏ పిల్ల? ఆ రంగుల షెడ్డులో పనిచేసేదేనా?"

"అదే. జబ్బు పడేదాకా ఆ పిల్ల దగ్గరేగా ఉన్నాడు."

"బాగుంది. ఆస్పత్రి వాళ్లు ఇంటికి తీసుకెళ్లండి అంటే నీ ఇల్లు గుర్తొచ్చింది. కాస్త ఊపిరి నిలబడేసరికి దాని ఇల్లు గుర్తొచ్చింది. నీ ఇల్లేమన్నా సర్వీసింగు షెడ్డా, వచ్చి గాలి కొట్టించుకుని పోవడానికి?"

"ఆ పిల్లది మేడ మీద గది. మెట్లెక్కలేడని మా ఇంటికి తెచ్చారు."

"ఇప్పుడు ఎక్కుతున్నాడన్నమాట."

"ఆగి ఆగి ఎక్కుతున్నాడట."

"ఏడ్చావా?"

"రావడం లేదు. ఉల్లిపాయలు కోసి చూశాను, అప్పుడూ రాలేదు."

"ఓసి పిచ్చిదానా, ఏడవడానికి ఉల్లిపాయలు కోస్తారా ఎవరైనా?"

"కూరకే కోశాను. కోశాక గుర్తొచ్చింది, ఒక్కదానికి అంత కూరెందుకని. నిన్న ఓ రవికె కుట్టాను. రెండు చేతులూ ఎడమవే వచ్చాయి. విప్పి మళ్లీ కుట్టాను. ఈసారి రెండూ కుడివి."

"కుట్టించుకున్నావిడ చూసిందా?"

"ఇంకా ఇవ్వలేదు. విప్పాలి. అసలు నిద్ర పట్టక అలా అవుతోందేమో. పగలంతా నా మిషన్, రాత్రంతా ఆయన మిషన్, ఒకటే మోత ఉండేది. ఎప్పుడాగుతుందా అనుకునేదాన్ని. ఇప్పుడు చప్పుడు లేకపోతే నిద్ర రావడం లేదు. రాత్రి ఊరికే వేసుకుని పడుకున్నాను."

"ఏది వేసుకుని?"

"ఆక్సిజన్ మిషన్. ఎవరికీ పెట్టకుండా. గొట్టం దిండు మీద పెట్టి."

"చాల్లే, నా ఒళ్లు జలదరిస్తోంది. మంచిపని చేశావు, తెచ్చి ఇచ్చేశావు. పీడ వదిలింది. ఒరేయ్ ఆటో! దించు నాయనా."

"వద్దు. దించొద్దు."

"ఏం?"

"ఇంకా తేలలేదు."

"ఇంకా తేలడానికేముంది?"

"ఈ సామానంతా ఆ ఇంటికి పంపమన్నాడు. మంచం, పలక, మిషన్, ఆవిరి గిన్నె, మందుపొగ పట్టే డబ్బా, అన్నీ. రాత్రి పడుకుంటే ఆయాసంగా ఉందట."

"ఉంటుంది మరి. నీ దగ్గర లేని ఆయాసం అక్కడెందుకొస్తుందో నేను చెప్పక్కర్లేదు."

"పిన్నిగారూ."

"సరే, అననులే. నువ్వేమన్నావు?"

"ఆటో ఎక్కేటప్పుడు దుకాణానికి పోనివ్వమన్నాను. మలుపు దగ్గర, అటు తిప్పు అందామనుకున్నాను. అనేలోపే ఇటు వచ్చేసింది."

"ఆటోవాడికున్న బుద్ధి నీకు లేదు. ఇదిగో, నా మాట విను. నేను మిషన్ మనుషులకివ్వను, ఇళ్లకిస్తాను. పక్కన ఎవరు కనిపెట్టుకుని ఉంటారో తెలియని ఇంటికి పంపే ప్రసక్తే లేదు. నీ మొహం చూసి నీకిచ్చాను. అది ఆ గదికి వెళ్లాలంటే నువ్వు ఊఁ అనాలి. అంటావా?"

"పంపకపోతే, నిజంగానే ఆయాసమైతే?"

"అయితే అది దాని మెడకి చుట్టుకుంటుంది. నీకేం?"

"నాకేం... అదే చూసుకుంటున్నాను, ఏమైనా ఉందేమోనని. ఏమీ తగలడం లేదు."

"కోపమైనా లేదా?"

"లేదు. ఆయన పోయాక మంచం కింద మాత్రల రేకులు ఊడ్చాను. దుప్పట్లు ఉడికించాను. కిటికీ తీశాను. ఇంకేం చెయ్యాలో గుర్తు రాక మళ్లీ ఊడ్చాను."

"వేలికి పెట్టి ఆక్సిజన్ ఎంతుందో చూసే క్లిప్పేది? ఇందులో కనపడదే?"

"జేబులో వేసుకుని వెళ్లాడు."

"చూశావా! కట్టుకున్న పెళ్లాన్ని మర్చిపోయాడు గానీ క్లిప్పు మర్చిపోలేదు. నీ ఫోనే మోగుతున్నట్టుంది."

"తెలుసు."

"ఎవరు?"

"ఆ పిల్ల."

"అది నీకు ఫోను చేస్తుందా?"

"నిన్నటి నుంచీ చేస్తోంది. దిండ్లు ఎలా పేర్చాలి, ఆవిరి ఎంతసేపు పట్టాలి, మందుపొగ పట్టాక నోరు పుక్కిలించాలా వద్దా..."

"నువ్వు చెప్పావా?"

"అడిగింది కదా అని చెప్పాను."

"ఓసి నా తల్లీ! నువ్వు మనిషివా, మందుల షాపువా? ఎత్తు. స్పీకరు పెట్టు, నేనూ వింటాను. పెట్టమంటుంటే!"

"హలో, అక్కా?"

"చెప్పు."

"అక్కా అంటోందే! ఎంత ధైర్యం!"

"పక్కన ఎవరక్కా?"

"సామాను దుకాణం పిన్నిగారు. నువ్వు చెప్పు."

"అక్కా, నువ్వు చెప్పినట్టే ఆవిరి పట్టించాను. మొహం కాలిపోయిందని ఒకటే అరుపులు."

"పొయ్యి మీద నుంచి దింపగానే పట్టకూడదు. కాసేపు ఆగాలి. దుప్పటి ఓ పక్క ఎత్తి ఉంచు. గిన్నె ఒళ్లో పెట్టుకోకు, బల్ల మీద పెట్టు."

"సరేనక్కా... ఉండు... ఒక్క నిమిషం..."

"దగ్గుతున్నావా?"

"దుమ్మక్కా. దిండ్లు దులిపాను."

"ఎప్పటి నుంచి?"

"ఇందాకే దులిపాను."

"దిండ్లు కాదు. దగ్గు."

"అదా... ఆయన రాకముందు నుంచే, కొంచెం. రాత్రిళ్లే ఎక్కువ. ఆయనకి నిద్ర చెడుతుందని నోట్లో కొంగు పెట్టుకుంటాను."

"రాత్రి పడుకుంటున్నావా, కూర్చుంటున్నావా?"

"గోడకి ఆనుకుని కూర్చుంటే హాయిగా ఉంటోందక్కా. దిండ్లన్నీ ఆయనకే పెట్టాను కదా, నువ్వు చెప్పినట్టు. అది సరే గానీ, ఆయనకి తగ్గుతోందో లేదో తెలిసేదెలా? క్లిప్పులో అంకె రావడం లేదు. బ్యాటరీ అయిపోయినట్టుంది."

"నేను క గుణింతం చెప్పించేదాన్ని."

"ఏమిటీ?"

"గుణింతం. క కా కి కీ. ఒక్క ఊపిరిలో, మధ్యలో గాలి పీల్చకుండా. ఎక్కడ ఆగితే ఆ పూటకి ఊపిరి అంత. మొదట్లో కీ కూడా దాటేవాడు కాదు."

"బళ్లో పిల్లాడిలా భలే ఉంది అక్కా! చెప్తాడంటావా?"

"నువ్వు చెప్పి చూపించు. ఫోను దగ్గరగా పెట్టుకో."

"నేనా? నాకు నవ్వొస్తోంది."

"నవ్వకు. చెప్పు."

"క, కా, కి, కీ, కు... ఉండక్కా. తప్పు పోయింది. మళ్లీ. క, కా, కి... కి... నీళ్లు తాగి వస్తానుండు..."

"ఏమిటే అక్కడ, ముక్కుతూ మూలుగుతూ? ఎవరు, మా ఇంటిదా? ఇటివ్వు. ఏం చెప్పాలిట? అదా! ఇన్నాళ్లూ నా ప్రాణం తీసింది దాంతోనేగా. ఇదిగో విను. క కా కి కీ కు కూ కృ కౄ కె కే కై కొ కో కౌ కం కః! చాలా? ఖ కూడా చెప్పనా? మిషన్ బయల్దేరిందో లేదో అడుగు."

"వాడి గొంతు చూడు! వీధి చివరికి వినపడేలా ఉంది."

"అక్కా, విన్నావా? ఎంత బాగా చెప్పాడో! ఒక్కసారి కూడా ఆగలేదు!"

"విన్నాను. నీకు ఒళ్లు వేడిగా ఉందా?"

"నాకా?"

"నీకే."

"ఏమో అక్కా. పొయ్యి దగ్గర నిలబడి వచ్చాను కదా, అందుకే అయ్యుంటుంది."

"డాక్టరుకి చూపించావా?"

"ఆయనకి పూర్తిగా తగ్గనీ. ఇద్దరం మంచాన పడితే ఎలా?"

"షెడ్డుకి వెళ్తున్నావా?"

"వెళ్లడం లేదు. మెట్లు దిగితే ఎక్కడం కష్టంగా ఉంటోంది. ఆయనే నయం, రెండుసార్లు దిగి సిగరెట్... అయ్యో. అక్కా, నేను చెప్పానని అనకు."

"అనను. తలుపు దగ్గరగా వేసి ఉంచు. గొళ్లెం పెట్టకు."

"మిషన్ పంపుతున్నావా?"

"గొళ్లెం పెట్టకు. అంతే. పెట్టేస్తున్నాను."

"ఏం మనిషివే తల్లీ నువ్వు! వింటుంటే నాకే ఒళ్లు మండిపోతోంది, నీకు చీమ కుట్టినట్టైనా లేదు. సిగరెట్టు తాగుతున్నాడట, విన్నావా? నువ్వు రాత్రంతా కూర్చుని గొట్టాలు కడిగింది ఇందుకు!"

"విన్నాను."

"కః దాకా లాగాడు దున్నపోతు! నన్ను చెప్పమంటే నేను కూ దగ్గరే కూలబడతాను. వాడికి మిషనెందుకు?"

"అక్కర్లేదు."

"హమ్మయ్య! ఆ ఒక్క మాటా నీ నోటి నుంచే రావాలని చూస్తున్నాను. మరి దించనా?"

"వద్దు. అన్నీ అలాగే ఉండనివ్వండి. ఆ వదులైన పలక ఒక్కటి మార్చి ఇవ్వండి. కొత్త మాస్కు కూడా కావాలి. చిన్న సైజుది."

"ఎక్కడికి?"

"మా ఇంటికే."

"మీ ఇంటికా? అర్థమైంది. గొళ్లెం పెట్టొద్దన్నది ఇందుకన్నమాట. వెళ్లి వాణ్ని మళ్లీ నెత్తిన పెట్టుకొస్తావు! పిన్నీ అని పిలిచావు కాబట్టి చెప్తున్నాను, ఇంతకంటే తలవంపు ఉండదు. రేపు మళ్లీ చొక్కా ఇస్త్రీ చెయ్యమంటాడు, చేస్తావా?"

"ముందు డాక్టరు దగ్గర ఆగాలి. చీకటి పడకముందే అయితే మంచిది. మెట్ల మీద నుంచి దింపడానికి ఇంకో మనిషి కావాలేమో, ఆటో అతన్ని అడగండి."

"మెట్లు దిగలేకపోవడమేమిటే వాడు? సిగరెట్టు కోసం రెండుసార్లు దిగినవాడు డాక్టరు కోసం దిగలేడా? చిన్న మాస్కేమిటి, వాడి మొహానికి సరిపోతుందా?"

"ఆయన అక్కడే ఉంటాడు పిన్నిగారూ. నేను తెచ్చుకునేది ఆ పిల్లని."