ఎర్ర పోగులు

1996లో, సచిన్ అనే ఊళ్లోని కార్ల విడిభాగాల ఫ్యాక్టరీకి, కరెంటు వాడకమూ పొగా తగ్గాయో లేదో చూడడానికి పెద్దాఫీసు వాళ్లు వచ్చిన రోజది. ఒకప్పుడు మరమగ్గాలు నడిపిన ఓ కార్మికుడు తలెత్తి, మిషిన్లకు గాలి పంపే పైపులను చూశాడు. తాను కట్టిన ఎర్ర పోగుల్లో ఒక్కటీ లేదు. ఒళ్లు మండి సూపర్‌వైజర్‌ను ఆపాడు.

“సార్, పోగులెవరు పీకిన్రు?”

“నేనే పీకించిన. దసరాకు మిషిన్లకు కట్టిన దారాలు గదా! ఇంకా ఏలాడుతుంటె వచ్చినోళ్ల ముందు ఇజ్జత్ పోదా?”

“దసరావి కావు సార్. పైపుల గాలి లీకయితున్న కాడల్ల ఒక పోగు కట్టిన. పోగు ఊగితె అక్కడ బొక్క ఉన్నట్టు.”

“ఎన్ని కట్టినవ్?”

“ముప్పై ఏడు. నెల రోజులు అన్నం తినే టైంల నిచ్చెనెక్కి ఎతికిన. ఆ గాలంత ఊకెనె పోతుంటె గాలి నింపే కంప్రెసర్ ఆగకుంట తిరుగుతది. కరెంటు సాలక జనరేటర్ పొగ కక్కుతది.”

“అయ్యో! వాళ్లు ఇప్పుడు గదే అడుగుతున్నరు, లీకులెక్కడున్నయని. నాకు ముందుగాల చెప్పొద్దా?”

“మూడుసార్లు చెప్పిన. మూడోసారి మీరు ‘కరెంటు పొదుపు చేద్దాం’ అన్న పోస్టర్ నా చేతుల వెట్టి, గా పైపు పక్క గోడకు అంటియ్యమన్నరు.”

“సరె, అయిందేదో అయింది. ఒక్క లీకన్న చూపియ్యి, జల్దీ.”

“ఫ్యాన్లన్ని బంద్ చేపిచ్చిన్రు గదా సార్?”

“పొద్దుగాల్నే.”

“మరి మీ పోస్టర్ ఎందుకు రెపరెప కొట్టుకుంటున్నదో చూడుండ్రి.”