టేపక్క గీత

ఆ వ్యాయామాల కాగితం అక్కడ పెట్టమ్మా, చేస్తాలే. కుర్చీ దగ్గర నిన్నటి గీత ఉందా? ఉంటే సరే. ఈ మోకీలు మార్పిడి మన ఇంట్లో నాతోనే మొదలైందనుకుంటున్నావేమో, మా అక్కకి ముప్పై ఏళ్ళ కిందటే అయింది. అదే, మీ అమ్మకి మేనత్త. నువ్వు పుట్టకముందే పోయిందిలే. వీధంతా టేపక్క అనేవాళ్ళు, మెడలో టేపు లేకుండా ఎవరూ చూడలేదు మరి. మేడ మీద మా కుట్టు దుకాణం. కత్తిరింపూ కుట్టూ ఆవిడవి, ఇస్త్రీ నాది. ఓ రోజు బడి పిల్లల యూనిఫారాల మూట ఎత్తుకుని దిగుతూ మెట్ల మీద నుంచి పడింది. మోకాలు నుజ్జయిపోయింది. మూట వదిలేసి కమ్మీ పట్టుకోవచ్చు కదే అంటే, "ఇస్త్రీ చేసినవిరా, నలిగిపోవూ?" అంది. ఆ ఇస్త్రీ చేసింది నేను.

ఆస్పత్రిలోనూ అదే వరస. పెద్ద డాక్టరు వచ్చి కట్టు విప్పితే, ముందు ఆయన కోటు చూసింది. "భుజం దగ్గర అరంగుళం జారిందండీ, ఎవరు కుట్టారు?" అని. తర్వాత తన కాలు చూసుకుని, "ఇవి కుట్లా? పిన్నులు గుచ్చి వదిలేశారేం?" అంది. ఆయన పాపం నవ్వి, "అమ్మా, నా పని అయిపోయింది, ఇక మీ పని. ఆరు వారాల్లో కుర్చీలో కూర్చుంటే మడమ కుర్చీ ముందు కాళ్ళ దాకా వెనక్కి రావాలి. రాకపోతే మళ్ళీ మత్తిచ్చి బలవంతంగా వంచాలి. అప్పటికీ వంగకపోతే తొక్కుడు మిషను సంగతి మర్చిపోండి" అన్నాడు. అప్పుడు మాత్రం అక్క నవ్వలేదు. మిషను లేకపోతే ఇంకేం ఉందమ్మా ఆవిడకి?

ఇంటికొచ్చాక కత్తిరింపు బల్ల పక్కనే కుర్చీ వేయించుకుంది. రోజూ పంటి బిగువున పాదం వెనక్కి జరిపేది. మడమ ఎక్కడ ఆగితే అక్కడ నేల మీద సుద్దబిళ్ళతో గీత. ఏడ్చేది కూడా, దాచుకునేది కాదు. ఏడుస్తూనే జరిపేది. ఇంతకీ నేనేమంటున్నాను? ఆ, మూడో వారం. గీత కదలడం మానేసింది. మూడు రోజులు ఒకే చోట. అన్నం కెలికి వదిలేసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. పొద్దున్నే ఆవిడ లేవకముందు తడిబట్టతో ఆ గీత తుడిచేసి, కుర్చీకి దూరంగా రెండు వేళ్ళు ఇవతలికి గీశాను. ఆ రోజు మడమ గీత దాటింది. "చూశావా, దాటావు" అని నేను గంతులేశాను. అలా నాలుగు రోజులు చేశాను.

అయిదో రోజు పిలిచింది. "తమ్ముడూ, నేను సుద్ద అరగదీసి అంచుతో గీస్తాను. నీది ఇంత లావు గీత, దీని మీద కత్తెర పెడితే ఏ పక్క కొయ్యాలో తెలీదు. మొదటి రోజే తెలిసింది. నువ్వు అంత సంబరపడుతుంటే చెప్పబుద్ధి కాలేదు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. "గీత రెండు వేళ్ళు జరిపితే నా మోకాలు జరుగుతుందట్రా?" అని నవ్వింది. టేపు చూపించింది. నేనటు వెళ్ళగానే కుర్చీ కాలి నుంచి మడమ దాకా కొలుచుకుని, అసలు కొలత దగ్గర ఆ టేపుకే గుండుసూది గుచ్చేదట. నాలుగు రోజుల్లో ఆ సూది ఓ గింజంత కదిలింది. అంతే. ఆ గింజంత చూసుకునే మర్నాడు మళ్ళీ కూర్చునేదమ్మా. అలాంటి మనిషిని నేను గీత జరిపి ఓదార్చబోయాను.

ఆరో వారానికి వంగింది. డాక్టరు కొలిచి బాగుందంటే, నమ్మక మళ్ళీ తన టేపు తీసింది. ఆ తర్వాత పదకొండేళ్ళు తొక్కింది మిషను. పోయే ముందు వారం కూడా ఎవరిదో జాకెట్టు...

సరే, కుర్చీ ఇలా జరుపు, మొదలుపెడదాం. ఆగు. ఈ గీత నేను గీసింది కాదు. లావుగా ఉంది. నిన్నటి చోటు కూడా కాదు ఇది. ఏడవకు, నేనేమన్నాను ఇప్పుడు? ఆ సుద్దముక్క ఇలా ఇవ్వు, అంచు అరగదీసిస్తాను. నువ్వే గియ్యి, నిన్నటి చోటే.