నీళ్లు తాగి పోయే దొంగ

సభకు అధ్యక్షత వహిస్తున్న మా పెద్దమేడం లీలమ్మ గారికి, పూలదండల బరువుకు సగం వంగిపోయి కూర్చున్న మా తెలుగు మాస్టారు బాలస్వామి గారికి, పాలమూరు పెద్దలకు, తోటి పంతులమ్మలకు, ముందు వరసలో కూర్చుని కళ్లతోనే నన్ను బెదిరిస్తున్న మా అమ్మ భద్రమ్మకు దండాలు, నమస్కారాలు. (నవ్వులు) నా కోసం బల్ల మీద ఇత్తడి గ్లాసు నిండా నీళ్లు పెట్టారు. సంతోషం. చివర్లో తాగుతాను.

మాస్టారు ఉద్యోగం నుంచి దిగిపోతున్నారు కాబట్టి ఆయన క్రమశిక్షణ గురించి మాట్లాడమన్నారు. అది ఆయన బెత్తం దెబ్బలు తిన్నవాళ్లందరికీ తెలుసు. (నవ్వులు) నేను ఆయన నవల గురించే మాట్లాడతాను. అందులో దొంగతనం మానుకున్న ఒక మనిషి మద్రాసు పోయి సినిమా తార బంగళాకు కాపలాదారుగా కుదురుతాడు. ఆమె నగలపెట్టె తాళంచెవి పారేసుకున్నప్పుడల్లా ఈయనే తలపిన్నుతో తీయాలి, ఏ నగ పోయినా పోలీసులు ఈయన్నే పట్టుకోవాలి, అసలు దొంగేమో తెర మీద ధర్మరాజు వేషం కట్టే మహానుభావుడు! (నవ్వులు) పైగా ఈ మనిషి ఎవరి ఇంటికి పోయినా ముందు నీళ్లడిగి తాగి, గ్లాసు బోర్లిస్తాడు. పాపం చక్కెర జబ్బేమోనని ఆ తార డాక్టరును పిలిపిస్తుంది.

ఆ పేజీ అమ్మకు చదివి వినిపిస్తూ నేనూ నవ్వాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ బాపు గిట్లనే బోర్లిస్తుండె గదనే" అంది.

మా నాయన కాటమయ్య దొంగ. (గుసగుసలు) గుసగుసలెందుకండీ, మీలో కొందరి ఇళ్లు ఆయన చూసే ఉంటాడు. నేను పుట్టాక మానేశాడు. చేతికి అలవాటు పోదు కదా, అందుకని ఎవరి గడప తొక్కినా ముందు నీళ్లడిగేవాడు. "నీళ్లు తాగిన ఇంట్ల ఏం ముట్టొద్దు బిడ్డా. గ్లాసు బోర్లిస్తె నేను దొంగలెక్క రాలేదని గుర్తు" అనేవాడు. తర్వాత మద్రాసులో ఎవరో తార ఇంటి గేటు దగ్గర పని దొరికిందని పోయాడు. కొన్నాళ్లకు ఏసోబు అనే లారీ డ్రైవరు మా గుమ్మంలో నిలబడి, "కాటమన్న లేడు వదినె, సినిమా సెట్టింగు గోడ మీద పడ్డదట" అన్నాడు. శవాన్ని చూసినవాళ్లు లేరు. అమ్మ గాజులు తీసేసింది. స్టేషను వెనక పెంకుటిల్లు ఖాళీ చేసి వేరే జాగాకు మారిపోయాం. మా తర్వాత ఆ ఇంట్లో కిరాయికి దిగింది మన మాస్టారే.

"మద్రాసుల మా బాపును చూసిండ్రా సార్?" అని, ఆ పేజీ చదివిన రోజే మాస్టారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన తెల్లబోయారు. "మద్రాసు మొఖం నేనెన్నడు చూసిన్నమ్మా? బడి నుంచి ఇంటికి పోతె ఏసిన తాళం ఏసినట్లె ఉంటుండె. లోపట గ్లాసు బోర్లిచ్చి ఉంటుండె, అంచు తడిగ. ఒక్క వస్తువు పోలే. గిదేం దొంగరా, నీళ్లు తాగి పోతడు అని నవ్వుకుంట రాసిన. మద్రాసు ఎందుకు తట్టిందో నాకే ఎరుక లేదు" అన్నారు.

బతికే ఉన్నాడో, మరేమో, నేను చెప్పలేను. మమ్మల్ని వెతుక్కుంటూ ఎవరో ఆ ఇంటికి వస్తున్నారు. మేము మారిన సంగతి ఆయనకు తెలియదు. రేపు మాస్టారు సామాను సర్దుకుని మక్తల్ పోతారు, ఇంటాయన ఆ ఇంటిని కూలగొడతాడట. ఇక మా నాయన ఎక్కడికి రావాలి? తలుచుకుంటే ఏడుపొస్తోంది, దాచుకోవడం దేనికి. పాలమూరు సగం ఇక్కడే ఉంది కాబట్టి, నలుగురిలో నిలబడి దొంగకు ఇల్లెక్కడో చెప్పే పిచ్చిదాన్ని నేనే అనుకోండి. (నవ్వులు) బాపూ, వింటున్నవా? మా ఇల్లు దవాఖాన వెనక, నీలం రంగు తలుపు...

(కరెంటు పోయింది.)

కూర్చోండి, కూర్చోండి. పిల్లలూ, అరవకండి. బల్ల దగ్గర ఎవరది? మేడం, మీరా? అమ్మా, నువ్వు లేవకు.

(దీపాలు వెలిగాయి.)

హమ్మయ్య. గొంతు ఎండిపోయింది, ఒక గుక్క నీళ్లు తాగి...

(గ్లాసు వైపు చెయ్యి చాచి ఆగారు)

మేడం, ఈ గ్లాసు మీరు బోర్లించారా? మాస్టారూ, మీరా? మరి ఎవరు? బల్ల గుడ్డ మీద ఎక్కడా నీళ్లు ఒలకలేదు. గ్లాసు అంచు చుట్టూ మాత్రం తడిసింది.

అమ్మ అప్పుడే తలుపు దాకా పోయింది. ఏమంటున్నావమ్మా? "నడువు బిడ్డా, మనకన్న ముందె పోతడు" అంటోంది. తాళం వేసి వచ్చాం కదా అంటే, "మీ బాపుకు తాళమొక లెక్కనా" అని నవ్వుతోంది. అమ్మ అట్లా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో.

మాస్టారూ, మీ సన్మానం మధ్యలో వదిలిపోతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ నవల రాసినందుకు మీకు శతకోటి దండాలు. సభలోని అందరికీ కృతజ్ఞతలు. పొద్దున నల్లా రాలేదు, మా ఇంట్లో కడవ ఖాళీగా ఉంది. నేను తొందరగా పోవాలి. సెలవు.