లెక్కల మాస్టారి టిక్కు

లెక్కల మాస్టారి సంతాపసభ అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ తన గదిలో గుమస్తా ముందు ఒక కాగితం పెట్టింది.

"ప్రాణం తీసుకునే ముందు ఎవరితోనైనా చెప్పుకున్నారా అని పోలీసులు అడుగుతున్నారు. ఈ సిబ్బంది క్షేమం ఫారంలో ఆయన పేరు పక్కన 'బాగున్నాను' అని టిక్కు పెట్టిందెవరు?"

"నేనేనండి. ప్రతి నెలా అందరికీ నేనే పెట్టేస్తాను. ఒక్కొక్కరి వెంటా పడితే గడువు దాటిపోతుందండి."

"ఆయన్ని ఒక్క మాట అడగలేదా?"

"ఆయనే వచ్చారండి, సోమవారం. తన టిక్కు మార్చాలన్నారు."

"మరి మార్చావా?"

"ఫారం పైకి వెళ్లిపోయింది, వచ్చే నెల చూద్దాం మాస్టారూ అన్నాను. సరేలే, నీకెందుకు శ్రమ అని వెళ్లిపోయారు."

"నిజంగా వెళ్లిపోయిందా?"

"లేదండి. మీ బల్ల మీదే ఉంది. మీరు సంతకం పెట్టింది మర్నాడు కదండీ."