గెట్టు దాటిన తీగ

ఆత్మకూరు దాపున తమ్ముడి వరిమడికి, అక్క పల్లిచేనుకు నడుమ ఒకటే గెట్టు. ఎక్కడి నుంచో కాల్వ నీళ్లలో కొట్టుకొచ్చిన తీగ ఒకటి రెండు వైపులా అల్లుకుంది. అక్క పారతో గెట్టు తవ్వుతోంది.

"గెట్టెందుకు తవ్వుతున్నవక్కా?"

"అక్కా అనకు. నా చేను కలుపుకు ఇడిసిపెట్టిన్నని ఊర్ల చెప్పినవట."

"కండ్లకు కనవడిందే చెప్పిన. పల్లి ఎండింది, తీగ పచ్చగున్నది."

"వాన లేని చేన్ల తీగ ఎట్ల పచ్చగున్నదో అడిగినవా? ఎన్నిమాట్ల పీకినా మల్ల వచ్చింది. ఇయ్యాల దాని ఎంబడి తవ్వుకుంట వస్తే నీ కాల్వల తేలింది."

"నా కాల్వలనా?"

"చూడు, ఒక్కటే తీగ. మొదలు నీ నీళ్లల్ల, కొస నా ఎండల. ఆడ తాగి ఈడికి పంపుతున్నది. ఆ బలంతోనే నా పల్లిని మింగుతున్నది."

"బర్రెలు మేస్తయని ఉంచిన."

"నీ బర్రెలకు మేత, నాకు నిందనా?"

"జర ఆగు. గెట్టు తెగితే నా మడి నీళ్లన్నీ నీ చేన్లకు పోతయి."

"పోనీ. ఇన్నొద్దులు ఈ తీగకు పోలేదా? తోడబుట్టినదానికి పోతే ఏమైతది?"

"ఆ పార ఇటియ్యి."

"ఇయ్యను. నీది తెచ్చుకో. కాల్వల మొదలు నువ్వే తియ్యాలె, నా కండ్ల ముందల."

తమ్ముడు ఇంటి దిక్కు పోయాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో పార ఉంది. అక్క మొహం చూడకుండానే కాల్వలోకి దిగాడు.